చెవి అంచున పక్కు: మల్లి అనే పిల్లి కేసు

నవంబరు రెండో వారంలో ఒక ఉదయం. రాత్రంతా కురిసిన వాన అప్పుడే తెరిపిచ్చింది. నెల్లూరులోని మా క్లినిక్ షట్టరు ఎత్తుతుండగానే కోవూరు వైపు నుంచి స్కూటరు మీద ఒక అబ్బాయి, వెనుక వాళ్ల అమ్మమ్మ వచ్చి దిగారు. ఆమె ఒడిలో ప్లాస్టిక్ కూరగాయల బుట్ట, దాని మీద కప్పిన తువ్వాలు. తువ్వాలు తీస్తే లోపల ఒక ఆడపిల్లి పక్కకు ఒరిగి ఉంది. నోటి నుంచి చొంగ తీగలా సాగుతోంది. చెవులు, మీసాల కింది కండరాలు, ముంగాళ్లు ఆగకుండా అదురుతున్నాయి. నా చేతి గాజు బుట్ట అంచుకు తగిలి చిన్న చప్పుడైతే చాలు, ఒళ్లంతా విల్లులా బిగుసుకుపోయింది.

"రాత్రి నుంచి ఇలాగే వణుకుతోంది డాక్టరమ్మా. వానకు చలి తగిలినట్టుంది," అన్నారామె.

చలి తగిలిన పిల్లి ఒళ్లు చల్లగా ఉండాలి. థర్మామీటరు 104.4 డిగ్రీలు చూపింది. పిల్లికి 100.5 నుంచి 102.5 వరకు మామూలు. పైగా తువ్వాలు తీయగానే మందు వాసన గుప్పున వచ్చింది. అప్పుడు తల వైపు చూశాను. రెండు చెవులు, నుదురు, కళ్ల పైభాగం, మెడ వెనుక వరకు చర్మం కనిపించడం లేదు. ఎండిన చెరువు అడుగు మట్టిలా బూడిద, పసుపు కలిసిన మందపాటి పక్కు బీటలు వారి ఉంది. ఆ పక్కు జిడ్డుగా తడిసి మెరుస్తోంది.

"తలకు ఏం పూశారమ్మా?"

ఆమె మనవడి వైపు చూశారు. ఆ అబ్బాయి తల వంచుకొని, "గేదెల పిడుదుల మందు మేడం," అన్నాడు.

ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఆ జవాబే. చర్మం పాడై వచ్చే పిల్లుల్లో చాలావాటికి రోగానికి వైద్యం చేసే ముందు, ఇంట్లో జరిగిన వైద్యానికి వైద్యం చేయాల్సి వస్తోంది. ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు వదిలేశాను. పిల్లి పేరు మాత్రం మార్చలేదు. దాని పేరు మల్లి, వయసు మూడేళ్లు, బరువు 2.8 కిలోలు.

మొదటి ఆరు గంటలు

"ఆ మందు సీసా తెచ్చారా?" అని అడిగాను. తేలేదు. కానీ ఇంట్లో ఉన్న వాళ్ల అమ్మకు ఫోన్ చేసి, సీసా మీది చీటీని ఫోటో తీసి పంపమన్నాడు ఆ అబ్బాయి. రెండు నిమిషాల్లో వచ్చింది. డెల్టామెత్రిన్, 1.25 శాతం. లీటరు నీటికి కొద్ది మిల్లీలీటర్లు కలిపి గేదె ఒంటికి పూయాల్సిన మందు. వీళ్లు నీళ్లు కలపకుండా దూది ముంచి, ముందు రోజు సాయంత్రం చెవులకు, తలకు పట్టించారు.

ఆ ఫోటో మల్లికి ఎంత మేలు చేసిందో చెప్పాలి. చొంగ, వణుకు అనగానే పురుగుమందు అనుకొని అట్రోపిన్ ఇచ్చేయడం జరుగుతూ ఉంటుంది. అది ఆర్గానోఫాస్ఫేట్ జాతి విషాలకు విరుగుడు. డెల్టామెత్రిన్ పైరిత్రాయిడ్ జాతిది. అది నరాల్లోని సోడియం ద్వారాలను మూసుకోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. అందుకే నరం ఆగకుండా కొట్టుకుంటుంది, కండరం అదురుతుంది. దీనికి విరుగుడు మందు లేదు. అదురు తగ్గించి, ఒంటి మీద మిగిలింది కడిగి, శరీరం తనంతట తాను విషాన్ని వదిలించుకునే దాకా కాపాడటమే వైద్యం.

గేదె ఈ మందును తట్టుకుంటుంది, కుక్క కూడా చాలావరకు తట్టుకుంటుంది. పిల్లి ఎందుకు తట్టుకోలేదని ఆ అబ్బాయి అడిగాడు. చాలా మంచి ప్రశ్న. విషపదార్థాలకు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని జతచేసి నీటిలో కరిగేలా మార్చి బయటకు పంపడం కాలేయం చేసే పనుల్లో ఒకటి. పిల్లి కాలేయంలో ఆ పని చాలా బలహీనం. తరతరాలుగా మాంసమే తిని బతికిన జీవి కనుక మొక్కల నుంచి వచ్చే రసాయనాలను విరిచే ఏర్పాటు దానికి అంతగా నిలవలేదు. మనకు, కుక్కకు గంటల్లో కరిగిపోయేది పిల్లి ఒంట్లో రోజుల తరబడి ఉండిపోతుంది.

రక్తనాళానికి సూది పెట్టి, మూర్ఛను అణచే డయాజెపామ్ కిలోకు అర మిల్లీగ్రాము చొప్పున ఇచ్చాను. అదురు సగానికి తగ్గింది. తర్వాత కండరాలను సడలించే మెథోకార్బమాల్ కిలోకు 50 మిల్లీగ్రాముల లెక్కన, అంటే 140 మిల్లీగ్రాములు, చాలా నెమ్మదిగా రక్తనాళంలోకి ఎక్కించాను. పావుగంటకు ముంగాళ్లు సడలాయి. అప్పుడు స్నానం. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే ద్రవం సబ్బు. నీళ్లు వేడిగా ఉంటే చర్మపు రక్తనాళాలు విచ్చుకొని విషం ఇంకా లోపలికి పోతుంది. చన్నీళ్లయితే ఒళ్లు చల్లబడి మళ్లీ వణుకు. అదురు తగ్గకముందే కడిగితే ఆ కంగారుకే మూర్ఛ రావచ్చు. మూడు సార్లు కడిగి, తుడిచి, చీకటి గదిలో చప్పుడు లేకుండా పడుకోబెట్టాం. సెలైన్ నెమ్మదిగా ఎక్కుతూనే ఉంది. మధ్యాహ్నం రెండింటికి జ్వరం 102.2కు దిగింది. మెథోకార్బమాల్ సాయంత్రం మరోసారి ఇచ్చాం.

ఇంట్లో ఇంకా పిల్లులున్నాయా అని అడిగితే, మల్లికి పది వారాల కూనలు రెండున్నాయని చెప్పారు. తల్లి తలను కూనలు నాకుతాయి. అందుకే అబ్బాయిని మళ్లీ ఊరికి పంపి కూనలను తెప్పించాను. ఒకదానికి చొంగ కొద్దిగా కారుతోంది. రెండింటినీ కడిగి, ఆ రాత్రి మా దగ్గరే ఉంచాను. వాటికి వణుకు రాలేదు.

ఐదు వారాల వెనక్కి

మల్లి నిద్రపోతుండగా అమ్మమ్మను కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పమన్నాను. అక్టోబరు మొదట్లో కుడి చెవి లోపలి అంచున చిన్న పక్కు. గోకుడు. కొట్లాటలో గీరుకుపోయిందనుకున్నారు. వేపనూనె రాశారు, పసుపు అద్దారు. పసుపు విషం కాదు గానీ చర్మం ఎర్రబడిందో లేదో కనపడనీయదు. చిక్కటి వేపనూనె నాకితే పిల్లులకు వాంతులు, చొంగ, ఒక్కోసారి వణుకు కూడా రావచ్చు. మల్లికి రెండు రోజులు తిండి సహించలేదని ఆమెకు గుర్తుంది. ఎందుకో అప్పుడు తోచలేదు.

రెండు వారాలకు పక్కు రెండో చెవికి పాకింది. మనవడికి తొడ మీద తామర వచ్చినప్పుడు మందుల షాపులో తెచ్చిన క్రీము ఇంట్లో మిగిలి ఉంటే అది రాశారు. స్టెరాయిడ్, యాంటీబయోటిక్, తామర మందు కలిపిన క్రీము. మనుషుల్లోనే తామరను మొండిదిగా మార్చేస్తున్న రకం ఇది. అందులోని క్లోబెటసాల్ చాలా తీవ్రమైన స్టెరాయిడ్. రాసిన నాలుగు రోజులు ఎరుపు, దురద తగ్గాయి. "మందు పట్టిందనుకున్నాం డాక్టరమ్మా," అన్నారామె. పట్టింది నిజమే, రోగం మీద కాదు, చర్మపు ఎదిరింపు మీద. పదో రోజుకు పక్కు నుదుటి మీదికి, కళ్ల మీదికి వచ్చేసింది.

ఆ ఇంట్లో గేదెకు జ్వరం వస్తే 1962కు ఫోన్ చేస్తారు, సంచార పశువైద్య వాహనం వస్తుంది. వాళ్లు నిర్లక్ష్యపు మనుషులు కారు. ఇంట్లోని వడ్ల బస్తాల జోలికి ఎలుక రాకుండా మల్లి మూడేళ్లుగా కాపలా కాస్తోందని ఆమె రెండు సార్లు చెప్పారు. ఆ ఐదు వారాల్లో ఇన్ని రకాల మందులు ప్రేమతోనే రాశారు. కానీ పిల్లిని కూడా ఆసుపత్రికి తీసుకెళ్లవచ్చన్న ఆలోచన మాత్రం వణుకు వచ్చే దాకా ఎవరికీ రాలేదు. మన జిల్లాలో ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. ప్రభుత్వ పశువైద్యశాలల్లో పిల్లులను కూడా చూస్తారని చెబితే ఇప్పటికీ ఆశ్చర్యపోయేవాళ్లున్నారు.

"తలకు రాస్తే నాలుక అందదు కదా, ఎలా నాకుతుంది?" అని ఆమె అడిగారు. కూనల్లో ఒకదాన్ని చూపించాను. ముంగాలిని నాకింది, ఆ తడి కాలితో చెవి వెనుక నుంచి ముక్కు దాకా తుడుచుకుంది, మళ్లీ ఆ కాలిని నాకింది. తలకు రాసింది మూడే కదలికల్లో నోట్లోకి చేరింది. పిల్లి చర్మానికి రాసే ప్రతి మందునూ నోట్లో పోస్తున్న మందుగానే లెక్కవేసి చూడమని నేను చెప్పేది అందుకే. డెట్టాల్ వంటి ద్రవాలు, కర్పూరం కలిపిన నూనెలు, కిరోసిన్, మనుషుల గజ్జికి వాడే బెంజైల్ బెంజోయేట్ లోషన్, కుక్కల స్నానానికి వాడే అమిట్రాజ్, వీటిలో ఏదీ పిల్లి ఒంటి మీదికి రాకూడదు.

పక్కు కింద ఏముంది

మల్లిని కడిగిన సమయంలోనే చెవి అంచున నానిన పక్కును, దాని కింది చర్మాన్ని బ్లేడు వెనుక భాగంతో కొద్దిగా రక్తం చెమర్చే దాకా గీకి మూడు గాజు పలకల మీద ఉంచాను. చుట్టూ ఉన్న వెంట్రుకలు కొన్ని పీకి మరో పలక మీద వేశాను. మూడు అనుమానాలు మనసులో ఉన్నాయి. గజ్జి, తామర, ఈ రెండింటి మీద చేరిన చీము.

మనవడికి తామర ఉందని తెలిశాక దాన్ని తేలిగ్గా వదలలేదు. పిల్లుల్లో తామర ఎక్కువగా మైక్రోస్పోరమ్ కేనిస్ అనే బూజు వల్ల వస్తుంది. అది పిల్లి నుంచి పిల్లలకు సులువుగా అంటుతుంది. గది చీకటి చేసి వుడ్స్ దీపం, అంటే అతినీలలోహిత కాంతి దీపం, వేశాను. ఆ బూజు పట్టిన వెంట్రుక కాడ పొడవునా లేత పచ్చని ఆపిల్ రంగులో వెలగాలి. మల్లి తల మీద మసక పసుపు మెరుపు మాత్రమే, అదీ పక్కు మీద. క్రీములు, జిడ్డు, పొలుసులు కూడా ఈ దీపం కింద మెరుస్తాయి కాబట్టి దానికి నేను విలువ ఇవ్వలేదు. వెంట్రుకల్లో బూజు బీజాలు కనపడలేదు. అయినా బూజు పెరుగుతుందేమో చూడటానికి కల్చర్ పెట్టాను. మూడు వారాలు చూశాం, బూజు మొలవలేదు.

గీకిన పలకను మైక్రోస్కోపు కింద పెట్టగానే మాత్రం వెతకాల్సిన అవసరమే లేకపోయింది. గుండ్రని, పొట్టి కాళ్ల పురుగులు ఒక్కో చూపులో ఐదారు. వీపు మీద వేలిముద్రలా వలయాలు. మలద్వారం శరీరం చివర కాకుండా వీపు వైపున ఉంది. కుక్కకు, మనిషికి వచ్చే గజ్జి పురుగు సార్కోప్టిస్ నుంచి దీన్ని వేరుచేసే గుర్తు అదే. ఇది నోటోయెడ్రిస్ కాటి, పిల్లి గజ్జి పురుగు. పెద్దవి చాలావరకు కదలడం లేదు, పిడుదుల మందు వాటిని కొట్టింది. కానీ కోడిగుడ్డు ఆకారపు గుడ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. అంటే మల్లి ప్రాణం మీదికి తెచ్చిన ఆ మందు గజ్జిని కూడా పూర్తిగా తీసేది కాదు.

ఈ గజ్జి మొదలయ్యే చోటు దాదాపు ఎప్పుడూ ఒకటే. చెవి లోపలి అంచు. అక్కడి నుంచి చెవి మీదికి, ముఖానికి, కనురెప్పలకు, మెడకు పాకుతుంది. పిల్లి ముడుచుకుని పడుకున్నప్పుడు, తుడుచుకున్నప్పుడు పాదాలకు, తోక కిందికి అంటుతుంది. మల్లి ముంగాలి వేళ్ల మధ్య కూడా పక్కు ఉంది. చర్మం మందమై ముడతలు పడుతుంది, దవడ కింది గ్రంథులు వాస్తాయి, దురద విపరీతం. అక్టోబరు మొదట్లో ఆ చిన్న పక్కును గీకి చూసి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది. ఈ మాట అమ్మమ్మతో అనలేదు. ఆమె అప్పటికే కళ్లు తుడుచుకుంటున్నారు.

మూడో పలకకు రంగు వేస్తే చీము కణాలు, గుండ్రని బ్యాక్టీరియా గుంపులు కనిపించాయి. అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన యాంటీబయోటిక్ పది రోజులకు రాశాను. దురద తగ్గడానికి స్టెరాయిడ్ సూది ఇవ్వాలని ఒక క్షణం అనిపించింది. పురుగు ఇంకా బతికి ఉన్న చర్మానికి, అప్పటికే రెండు వారాలు క్లోబెటసాల్ తిన్న పిల్లికి అది సరికాదని మానుకున్నాను. మల్లి మెడకు పాత ఎక్స్‌రే ఫిల్ము గుండ్రంగా కత్తిరించి కాలరులా కట్టాం, గోళ్లు కత్తిరించాం.

మందు ఎంపిక

పిల్లి గజ్జికి చాలామంది పశువైద్యులం ఐవర్‌మెక్టిన్ సూదినే వాడతాం. కిలోకు 200 మైక్రోగ్రాములు, రెండు వారాల తేడాతో రెండు సార్లు. చవక, బాగా పనిచేస్తుంది. మల్లికి నేను అది వాడలేదు. ఐవర్‌మెక్టిన్ మోతాదు మించితే వచ్చేవీ నరాల లక్షణాలే. పైరిత్రాయిడ్ వణుకు పూర్తిగా వదలని పిల్లికి దాన్ని ఇస్తే, రేపు మళ్లీ తూలితే ఏది కారణమో నాకే తెలియదు. కూనల విషయంలో అయితే ఆలోచించనే లేదు. చిన్న కూనలకు ఐవర్‌మెక్టిన్ ప్రమాదం.

ఇంకో సంగతి. పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్‌లో ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. మల్లి బరువుకు కావలసింది 0.056 మిల్లీలీటరు. సిరంజిలో కొద్దిగా అటూ ఇటూ అయినా మోతాదు చాలా మారిపోతుంది. "ఆ సూది మా ఊళ్లోనే దొరుకుతుంది, మేమే వేసుకుంటాం" అని అడిగేవాళ్లకు నేను ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తాను.

సెలమెక్టిన్ అనే మెడ మీద పోసే మందు ఎంచుకున్నాను. కుక్కలు, పిల్లుల కోసం తయారైంది, ఎనిమిది వారాలు దాటిన కూనలకు, పాలిచ్చే తల్లికి వాడవచ్చు. ఐదో రోజు, మల్లి నడక పూర్తిగా సరిగ్గా ఉందని తేలాక, ఒళ్లు ఆరి ఉన్నప్పుడు మెడ వెనుక, నాలుక కానీ కాలు కానీ సులువుగా అందని చోట వెంట్రుకలు విడదీసి పోశాం. కూనలకు వాటి బరువుకు తగ్గ మోతాదు. గుడ్డు నుంచి పురుగు పెద్దదవడానికి రెండు మూడు వారాలు పడుతుంది కనుక నెల తర్వాత రెండో మోతాదుకు రమ్మన్నాను. అంతకు ముందే, మూడో రోజు ఉదయం, మల్లి ఉడికించిన చేప తిన్నది. ఆ వార్త ఫోన్లో చెబితే అవతల అమ్మమ్మ ఎవరినో పిలిచి గట్టిగా చెప్పడం వినిపించింది.

అమ్మమ్మ చేతులు

మల్లిని ఇంటికి పంపే రోజు ఆమె బుట్ట అందుకుంటుంటే మోచేతి కింద ఎర్రటి చిన్న పొక్కులు కనిపించాయి. పొట్ట మీద కూడా ఉన్నాయన్నారు. రెండు వారాలుగా దురద, దోమలనుకున్నారట. మల్లి రోజూ ఆమె ఒళ్లోనే పడుకుంటుంది. పిల్లి గజ్జి పురుగు మనిషి చర్మంలోకి దూరి దురద పుట్టిస్తుంది గానీ అక్కడ సంతానం పెంచుకోలేదు. పిల్లికి నయమైతే సాధారణంగా కొద్ది వారాల్లో మనుషులకూ తగ్గిపోతుంది. అయినా చర్మవైద్యులకు చూపించుకోమని, ఇంట్లో పిల్లికి గజ్జి ఉందన్న మాట వాళ్లకు తప్పకుండా చెప్పమని పంపాను. ఆ ఒక్క మాట చెప్పకపోతే వైద్యులు వేరే దారిలో వెతుకుతారు. మల్లి పడుకునే గోనెసంచులు తగలబెట్టి, దుప్పట్లు వేడినీళ్లలో నానబెట్టి ఎండలో వేయమన్నాను. ఒంటి నుంచి విడిపోతే ఈ పురుగు కొద్ది రోజులకు మించి బతకదు.

నా పొరపాటు

నాలుగో వారానికి మల్లి నుదుటి మీద కొత్త వెంట్రుకలు మొలిచాయి. రెండో మోతాదు వేశాం. ఐదు రోజులకే మళ్లీ ఫోన్. ఒక కూన చెవి అంచున పొలుసు. గీకి చూస్తే బతికున్న పురుగులు, కదులుతూ.

మందు పనిచేయలేదా అని మొదట అనుకున్నాను. తర్వాత నేను అడగని ప్రశ్న గుర్తొచ్చింది. మొదటి రోజు "మీకు ఎన్ని పిల్లులున్నాయి?" అని మాత్రమే అడిగాను. మూడు అన్నారు. అది సరైన జవాబే. అడగాల్సింది "మీ ఇంటికి ఎన్ని పిల్లులు వస్తాయి?" అని. పాలు పితికే వేళకు ఒక గండుపిల్లి గోడ దూకి వస్తుందట, కూనల గిన్నెలోనే తాగుతుందట. "దాని చెవులు ఎప్పుడూ అలాగే ఉంటాయి డాక్టరమ్మా, ముసలిది కదా." ముసలితనం వల్ల చెవులు పక్కు కట్టవు. పిల్లికి ఎవరూ యజమాని కాని ఊళ్లో గజ్జి ఇంటి గడప దగ్గర ఆగదు. ఆ ప్రశ్న ఇప్పుడు నా కేసు కాగితం మీద మొదటి వరుసలో అచ్చువేయించాను.

ఆ గండుపిల్లిని పట్టుకోవడం ఎవరివల్లా కాలేదు. చివరికి అమ్మమ్మే పది రోజులు చేపముక్కలతో మచ్చిక చేసి, అది తింటుండగా మెడ మీద సెలమెక్టిన్ పోశారు.

ఎప్పుడు బయలుదేరాలి

ఈ కేసు విన్నవాళ్లు ఎప్పుడు తీసుకురావాలో చెప్పమంటారు. చెవి అంచున పక్కు, వెంట్రుక ఊడిన గుండ్రని మచ్చ, ఆగని గోకుడు మూడు నాలుగు రోజుల్లో తగ్గే దారి పట్టకపోతే తీసుకురండి, ఏమీ రాయకుండా తీసుకురండి. రాసిన మందు నా మైక్రోస్కోపుకు, నా దీపానికి అడ్డమవుతుంది. కంటి చుట్టూ పుండు ఉన్నా, పిల్లి రోజంతా తినకపోయినా, కూన అయినా, ఇంట్లో మనుషులకు దురద మొదలైనా ఆ మూడు రోజులు కూడా ఆగవద్దు. ఏదైనా రాసిన తర్వాత చొంగ, చెవుల అదురు, తూలుడు కనిపిస్తే అది గంటల లెక్క. సీసాతో సహా రావాలి. దారిలో వాంతి చేయించే ప్రయత్నం చేయకండి, పాలు పోయకండి.

తెల్ల చెవుల పిల్లుల గురించి వేరుగా చెప్పాలి. మన నెల్లూరు, ప్రకాశం ఎండలో ఏళ్ల తరబడి తిరిగిన తెల్ల పిల్లికి చెవి కొసన మానని చిన్న పుండు ఉంటే అది గజ్జి కాకపోవచ్చు, చర్మ క్యాన్సర్ కావచ్చు. చిన్నగా ఉన్నప్పుడు చెవి అంచు కత్తిరిస్తే చాలావరకు నయమవుతుంది. పుండు ఒక్కటీ లేకుండా పొట్ట మీద వెంట్రుకలు నున్నగా పోతుంటే పిల్లి నాకి తీసేస్తోందన్నమాట. అక్కడ చర్మం కంటే ముందు దురద, పురుగులు, మూత్రాశయపు నొప్పి వెతకాలి.

తొమ్మిదో వారంలో మల్లిని చివరిసారి చూశాను. బరువు 3.3 కిలోలు. చెవి అంచుల్లో వెంట్రుక ఇంకా పలచగా ఉంది, అంతే. మూడు సార్లు గీకినా పురుగు లేదు. కూనలు రెండూ శుభ్రం. అమ్మమ్మ చేతుల మీద మచ్చలు మాత్రం మిగిలాయి, దురద లేదు. మల్లి కేసు కాగితం మాత్రం ఇంకా బల్ల మీదే ఉంది. గండుపిల్లికి రెండో మోతాదు పడాలి. వానలు తగ్గినప్పటి నుంచి అది ఆ గోడ దూకి రాలేదట. రోజూ సాయంత్రం అక్కడ గిన్నెలో చేపముక్క పెట్టి చూస్తున్నానని అమ్మమ్మ నిన్న ఫోన్ చేశారు.